టర్బో కారుకి ఎగ్జాస్ట్ మార్చాలా వద్దా: రాయగడ, కోరాపుట్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, సునాబెడ వైపు తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఈమధ్య కనిపిస్తున్న కొత్త కార్లలో చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు బాగా పెరిగాయి. నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్ టర్బో, వర్చుస్, స్లావియా, ఇలాంటివి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించిన దండ వాడకముందే సైలెన్సర్ మార్చే ఆలోచన మొదలుపెట్టే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లు అడిగేవి, వాళ్ల నాన్నలు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ఎగ్జాస్ట్ మారిస్తే పవర్ నిజంగా పెరుగుతుందా?

ఏ ముక్క మార్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎగ్జాస్ట్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో చాలా భాగాలున్నాయి. ఇంజన్ హెడ్ నుంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్, దాని చివర టర్బో, టర్బో నుంచి కిందికి దిగే డౌన్‌పైప్, అందులోనే లేదా దాన్ని ఆనుకుని క్యాటలిటిక్ కన్వర్టర్, తర్వాత కారు పొడవునా వెళ్లే మధ్య పైపు, చివర మఫ్లర్. మనవాళ్లు సైలెన్సర్ అనేది ఈ చివరిదాన్నే.

టర్బోలో ఒకే షాఫ్టుకి రెండు చక్రాలుంటాయి. పొగ తోస్తే తిరిగేది టర్బైన్, గాలిని ఇంజన్‌లోకి నెట్టేది కంప్రెసర్. టర్బైన్ ఎంత గట్టిగా తిరుగుతుందన్నది దాని ముందున్న ప్రెషర్‌కీ వెనకున్న ప్రెషర్‌కీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. వెనక అడ్డు తగ్గితే ఆ తేడా పెరుగుతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది. అందుకే టర్బో బండిలో ఉన్న లాభమంతా టర్బోని ఆనుకుని ఉన్న మొదటి రెండు మూడు అడుగుల్లోనే. వెనక్కి పోయేకొద్దీ పొగ చల్లబడి కుంచించుకుపోతుంది, అడ్డు కూడా తగ్గుతుంది. బంపర్ కింద కనపడే మఫ్లర్ ఒక్కటీ మార్చి పికప్ పెరిగిందని ఎవరైనా అంటే, పెరిగింది చప్పుడే.

ఇంజన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలంటాడు మా మెకానిక్. పైపు మరీ ఫ్రీ అయితే బండి లాగదట కదా?

ఆ మాట టర్బో లేని పాత బళ్ల నుంచి వచ్చింది. మారుతి 800, ఎస్టీమ్ లాంటి వాటిలో పైపు పొడవు, వెడల్పు సరిగ్గా కుదిరితే ఒక సిలిండర్ నుంచి పోయే పొగ వేగమే తర్వాతి సిలిండర్‌ని ఖాళీ చేయడానికి సాయపడుతుంది. మరీ లావు పైపు వేస్తే ఆ వేగం పోయి కింది ఆర్పీఎంలో లాగుడు తగ్గుతుంది. అక్కడ కూడా కావలసింది వేగమే, అడ్డు కాదు. టర్బో బండిలో పొగ వేగాన్ని టర్బైన్ అప్పటికే వాడేసుకుంటుంది. దాని తర్వాత ఎంత ఫ్రీగా పోతే అంత మంచిది. ఇందులో మీ మెకానిక్ తప్పే గానీ, ఆ మాట పట్టుకుని అతన్ని మార్చేయకండి. సస్పెన్షన్ బాగా చూసేవాడు దొరకడం ఇక్కడ కష్టం.

అయితే డౌన్‌పైప్ ఒక్కటి మార్చి ఊరుకుంటే సరిపోతుందా?

చాలామంది డబ్బులు పోయేది ఇక్కడే. పాత టర్బో బళ్లలో బూస్ట్‌ని, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, ఒక స్ప్రింగు, ఒక గొట్టం చూసుకునేవి. ఈ కాలపు కార్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, చూసుకుంటుంది. మీరు కాలు ఎంత నొక్కారో చూసి, ఇంత టార్క్ (లాగే బలం) ఇవ్వాలని లెక్క కట్టి, దానికి తగ్గ బూస్ట్ వచ్చేలా వేస్ట్‌గేట్‌ని, అంటే మిగులు పొగని టర్బైన్‌కి తగలకుండా పక్కకి పంపే తలుపుని, తెరుస్తూ మూస్తూ ఉంటుంది. మీరు పైపు ఫ్రీ చేస్తే టర్బో త్వరగా తిరుగుతుంది. ఈసీయూ దాన్ని గమనించి వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త ముందే తెరుస్తుంది. చివరికి మళ్లీ కంపెనీ అనుకున్న టార్క్ దగ్గరే ఆగుతుంది. లాగ్, అంటే కాలు నొక్కాక టర్బో అందుకునే ఆలస్యం, కొద్దిగా తగ్గడం, పై ఆర్పీఎంలో కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకోవడం మాత్రం మిగులుతుంది.

ఆ పైపు పెట్టిన ఖర్చుకి తగ్గ ఫలితం రావాలంటే ఈసీయూ రీమ్యాప్, అంటే దాని సాఫ్ట్‌వేర్ లెక్కలు మార్చి రాయడం, కూడా చేయించాలి. కంపెనీ పార్టులన్నీ అలాగే ఉంచి చేసే రీమ్యాప్‌ని స్టేజ్ 1 అంటారు, డౌన్‌పైప్ మార్చి చేసేదాన్ని స్టేజ్ 2 అంటారు. టర్బో పెట్రోల్ బండికి స్టేజ్ 1తోనే 15 నుంచి 25 శాతం దాకా పెరగడం మామూలు. అంటే లాభంలో పెద్ద భాగం పైపు మార్చకుండానే వస్తుంది. స్టేజ్ 2 దాని మీద కలిపేది తక్కువ, ఖర్చు ఎక్కువ. మంచి డౌన్‌పైప్, దానికి తగ్గ రీమ్యాప్ కలిపితే లక్ష చుట్టూ తిరుగుతుంది. పైగా ఈ పనికి విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లాలి, ఏదైనా తేడా వస్తే మళ్లీ వెళ్లాలి.

రీమ్యాప్ లేకుండా పైపు మారిస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదైన ఇంజన్లలో పూర్తిగా తెరిచినా పొగ అంతా అటు పోలేక బూస్ట్ తనంతట తానే పెరుగుతూ పోతుంది. దీన్ని బూస్ట్ క్రీప్ అంటారు. ఈసీయూ భయపడి బండిని లింప్ మోడ్‌లోకి, అంటే పవర్ బాగా తగ్గించి నడిపే స్థితిలోకి, నెట్టేస్తుంది. సుంకి ఘాట్ మధ్యలో ఇది జరిగితే వెనకున్న లారీవాడి హారన్ విని తట్టుకోవాలి.

హెడర్స్ మార్చాలని ఉంది. దొరుకుతాయా?

హెడర్స్ అంటే కంపెనీ మానిఫోల్డ్ బదులు వేసే పైపుల మానిఫోల్డ్. ముందు మీ ఇంజన్‌కి విడి మానిఫోల్డ్ ఉందో లేదో చూడండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్‌ఐ, 1.5 టీఎస్‌ఐ ఇంజన్లలో మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. మార్చడానికి అక్కడ ఏమీ లేదు. విడిగా ఉన్న బళ్లలోనూ మాకు నచ్చని పని ఇది. పెట్రోల్ టర్బోకి ముందు పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. కంపెనీ పోత ఇనుము మానిఫోల్డ్ బరువైనా ఆ వేడికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. పలచటి పైపులు వెల్డింగ్ చేసి టర్బో బరువంతా వాటి మీద వేలాడదీస్తే వెల్డింగ్ దగ్గర పగులు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

వెనక మఫ్లర్ మాత్రం మారిస్తే తప్పా?

బండి వరకు తప్పేం లేదు, చప్పుడు కోసం మారుస్తున్నామని ఒప్పుకుంటే. చట్టం సంగతి కింద రాశాం. మూడు సిలిండర్ల ఇంజన్‌కి నాలుగు సిలిండర్ల గొంతు రాదని కూడా ఒప్పుకోవాలి. షాపులో ఒక్క నిమిషం రేసు చేసి విన్న చప్పుడు వేరు, 2000 - 2500 ఆర్పీఎం మధ్య గంటల తరబడి క్యాబిన్‌లో మోగే గుంయ్‌మనే శబ్దం వేరు. రాయగడ నుంచి బరంపురం వరకూ అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లి చూస్తే ఆ మఫ్లర్ ఉంచాలో తీసేయాలో తేలిపోతుంది. రెసొనేటర్‌ని, అంటే మధ్య పైపులో మోతని తగ్గించే డబ్బాని, ఉంచి మఫ్లర్ ఒక్కటే మారిస్తే ఈ మోత చాలావరకు తగ్గుతుంది.

క్యాట్ తీసేసి నేరుగా పైపు వేస్తే ఎక్కువ లాభమట. చేయించమంటారా?

వద్దు. ఈ ఒక్క దాంట్లో మెత్తగా చెప్పడానికేమీ లేదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న దిమ్మ ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. దాదాపు 300 డిగ్రీల వేడి అందుకున్నాక కార్బన్ మోనాక్సైడ్‌ని, కాలని పెట్రోల్ ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లని తక్కువ హాని చేసే వాయువులుగా మారుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి దాని రెండో దశ. ఈ కార్లలో క్యాట్ పనితీరుని ఈసీయూ ఎప్పుడూ చూసుకుంటూనే ఉంటుంది. క్యాట్‌కి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి. రెండూ ఒకేలా చెబితే క్యాట్ పనిచేయట్లేదని అర్థం. పీ0420 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

దీనికి వెనక సెన్సర్ కింద చిన్న స్పేసర్ పెట్టి మోసం చేయొచ్చని, సాఫ్ట్‌వేర్‌లో ఆ కోడ్ ఆపేయొచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు. లైటు ఆరుతుంది, వాసన ఆరదు. ఎర్ర సిగ్నల్ దగ్గర అద్దం దించితే పచ్చి పెట్రోల్ కంపు మీ కారు లోపలికే వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించినా చాలు.

లాభం సంగతికొస్తే, 200 సెల్ స్పోర్ట్స్ క్యాట్‌కీ (రంధ్రాలు తక్కువగా, పెద్దగా ఉండి పొగని ఫ్రీగా వదిలే క్యాట్) ఖాళీ పైపుకీ మధ్య మన రోడ్ల మీద తెలిసే తేడా చాలా తక్కువ. డౌన్‌పైప్ మార్చితీరాలనుకుంటే స్పోర్ట్స్ క్యాట్ ఉన్నదే తీసుకోండి. అదైనా కంపెనీ క్యాట్ అంత శుభ్రంగా పనిచేయదని తెలుసుకునే తీసుకోండి.

చట్టం ఏమంటుంది? ఒడిశా నంబరుతో ఆంధ్రాలో తిరిగితే రూల్స్ మారతాయా?

మోటారు వాహనాల చట్టం కేంద్రానిది. ఓడీ 10, ఓడీ 18 నంబరైనా ఏపీ 39 అయినా, సుంకి దాటినా కొమరాడ దాటినా సెక్షన్లు అవే.

1988 చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో భాగం కింద, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 190వ సెక్షన్ రెండో భాగం శబ్దం, పొగ గురించి. ఆ ప్రమాణాలు మీరిన బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారికి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోవచ్చు కూడా.

చెక్‌పోస్ట్ దగ్గర ఎవరూ కారు కింద పడుకుని డౌన్‌పైప్ చూడరన్నది నిజమే. చప్పుడు వినిపించే బండినే ఆపుతారు. కానీ ఆపలేదు కాబట్టి చెల్లుతుందని అనుకోవద్దు. ప్రమాదం జరిగి బండి స్టేషన్‌కో ఇన్సూరెన్స్ సర్వేయర్ దగ్గరికో చేరితే అప్పుడు కింద కూడా చూస్తారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా?

క్యాట్ సరిగ్గా ఉంటే వస్తుంది. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు, బీఎస్4, బీఎస్6 బళ్లకి ఆ తర్వాత ఏడాదికోసారి. క్యాట్ తీసేసిన బండికి పరీక్ష నిజంగా చేస్తే రాదు. పరీక్ష చేయకుండానే కాగితం ఇచ్చేవాడు తెలుసంటారా, దాని మీద ఇక్కడ సలహా ఇవ్వలేం.

నా సమస్య చప్పుడు కాదు. నలుగురిని ఎక్కించి ఘాట్ ఎక్కితే బండి లాగట్లేదు. ఎగ్జాస్ట్ మారిస్తే బాగుపడుతుందా?

ఇది అందరికంటే ఎక్కువమంది అడిగేది, అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న కూడా. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి, కోరాపుట్ వెళ్లే 26వ జాతీయ రహదారి అయినా, రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా వెళ్లే 326వది అయినా, ఎక్కుడు, మలుపులు, ముందు బొగ్గో బాక్సైటో వేసుకున్న లారీలు. కోరాపుట్ ఎత్తు 870 మీటర్ల దాకా ఉంటుంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పది శాతం తక్కువ. టర్బో లేని బండి ఆ మేరకు బలం పోగొట్టుకుంటుంది. టర్బో బండిలో ఈసీయూ టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. అంటే మన ఘాట్లలో టర్బో తన హద్దుకి దగ్గరగా పనిచేస్తోందన్న మాట. ఎక్కడైనా చిన్న లోపం ఉంటే విశాఖ బీచ్ రోడ్డులో తెలియనిది సుంకి ఎక్కుతుంటే తెలుస్తుంది.

కాబట్టి కొత్త పార్టు కొనేముందు పాతవి సరిగ్గా ఉన్నాయో చూడండి. దామన్‌జోడి, లక్ష్మీపూర్ వైపు ఎర్ర దుమ్ములో తిరిగే బండికి కంపెనీ బుక్కులో రాసిన కిలోమీటర్ల వరకు ఎయిర్ ఫిల్టర్ ఆగదు. సగం దూరానికే తీసి చూడాలి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాల క్లిప్పులు వదులైనా, గొట్టం చీలినా బూస్ట్ బయటికి పోతుంది. కాలు నొక్కినప్పుడు సుయ్‌మని శబ్దం, పీ0299 కోడ్ వస్తే అనుమానం అక్కడే. ఇంటర్‌కూలర్ ముందు చచ్చిన పురుగులు, మట్టి పేరుకుపోయి ఉంటే నీళ్లతో మెల్లగా కడగాలి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో చూడండి. టైర్లలో గాలి, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ చేయడానికి అయ్యే ఖర్చు ఒక మంచి మఫ్లర్ ఖర్చులో చిన్న భాగం.

ఇంకొకటి, డ్రైవింగ్. చిన్న టర్బో ఇంజన్లకి 1500 ఆర్పీఎం కింద ప్రాణం ఉండదు. మలుపులో మూడో గేర్‌లోనే ఈడ్చుకుంటూ వచ్చి యాక్సిలరేటర్ తొక్కితే టర్బో మేలుకునేసరికి వేగం పోతుంది. మలుపుకి ముందే రెండో గేర్ వేసి 2000 మీద ఉంచితే అదే బండి వేరేలా ఎక్కుతుంది. ఆటోమేటిక్ అయితే స్పోర్ట్ మోడ్‌లోనో మాన్యువల్ మోడ్‌లోనో పెట్టండి.

ఇంత చేశాక కూడా చాలదనిపిస్తే స్టేజ్ 1 రీమ్యాప్ గురించి ఆలోచించొచ్చు. ఘాట్ కోసమని ఎగ్జాస్ట్ మార్చమని మేం ఎవరికీ చెప్పం.

మాది డీజిల్. ఈ లెక్కలు దానికీ వర్తిస్తాయా?

టర్బైన్ లెక్క అదే, మిగతాది వేరు. బీఎస్6 డీజిల్‌లో మసిని పట్టుకునే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండినప్పుడు పొగ వేడిని 600 డిగ్రీల దాకా పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. బజారుకి, బడికి, గుడికి తప్ప బండి బయటికి తీయకపోతే ఆ కాల్చడం పూర్తి కాదు, డీపీఎఫ్ మూసుకుపోతుంది, బండి లాగదు. పార్వతీపురం వైపో గుణుపురం వైపో అరగంట ఆపకుండా ఒకే వేగంతో పోయి వస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. డీపీఎఫ్ పీకేయమనే సలహా వినకండి. చట్టం సంగతి పైన చెప్పిందే, పైగా మీ వెనక స్కూటర్ మీద వచ్చేవాడి మొహం మసవుతుంది.

పాత స్కార్పియో, ఇన్నోవా లాంటి వాటిలో వేరియబుల్ టర్బో ఉంటే లోపల కదిలే రెక్కలు మసితో బిగుసుకుపోయి లాగ్ పెరుగుతుంది. దానికి మందు శుభ్రం చేయించడం.

క్లచ్, గేర్‌బాక్స్ తట్టుకుంటాయా?

దీన్ని పైపు అమ్మేవాడు చెప్పడు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి తయారైంది. దానికి జోడించిన 1.5 టీఎస్‌ఐ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తుంది. అంటే మిగులు పెద్దగా లేదు. మీరు పెంచిన ప్రతి న్యూటన్ మీటరూ ఆ క్లచ్ ప్లేట్ల మీదే పడుతుంది. ఘాట్‌లో ట్రాఫిక్‌లో పాకుతూ ఎక్కడం వాటికి ముందే ఇష్టం లేని పని. మాన్యువల్ బళ్లలో క్లచ్ జారడం మొదలైతే కనీసం తెలుస్తుంది, మార్చడమూ చవక.

మైలేజ్ పెరుగుతుందా?

చెప్పుకోదగ్గంత కాదు. కొత్త చప్పుడు వినడానికి తొక్కే తొక్కుడుకి తగ్గుతుంది.

రీమ్యాప్ చేయిస్తే ఏ పెట్రోల్ పోయాలి?

ట్యూనర్ ఏ ఆక్టేన్‌కి మ్యాప్ రాశాడో అదే. ఇక్కడే సరిహద్దు జిల్లాలవాళ్లు జాగ్రత్త పడాలి. ఎక్స్‌పీ100 లాంటి హై ఆక్టేన్ పెట్రోల్ పెద్ద ఊళ్లలోనే. జయపురం నుంచి మల్కనగిరి, మోటు మీదుగా చింతూరు వెళ్లేటప్పుడు ఏ బంకు దొరికితే అందులో ఉన్నదే పోయించుకోవాలి. హై ఆక్టేన్ మ్యాప్‌తో మామూలు పెట్రోల్ పోసి ఘాట్ ఎక్కితే ఇంజన్ నాక్ కొడుతుంది, అంటే పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే పేలినట్టు మండుతుంది. నాక్ సెన్సర్ టైమింగ్ తగ్గించి కాపాడుతుంది గానీ అప్పుడు కొన్న పవర్ అంతా పోయినట్టే. మామూలు పెట్రోల్‌కే మ్యాప్ రాయమని ముందే అడగండి.

మా ఊళ్లో వెల్డింగ్ షెడ్డులో పైపు చేయించుకుంటే చవక కదా?

మంచి పనివాడైతే చవకే. బస్సుల సైలెన్సర్లు చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్లు రాయగడలోనూ జయపురంలోనూ ఉన్నారు. మధ్య పైపు, మఫ్లర్ వరకు వాళ్ల చేత చేయించుకోవడంలో ఇబ్బంది లేదు. కొన్ని విషయాలు మాత్రం మీరు దగ్గరుండి చూడాలి.

మొదట లోహం. 304 స్టీలు తుప్పు పట్టదు, బాగా వేడి తట్టుకుంటుంది, అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. కంపెనీలు ఎక్కువగా వాడే 409 రకానికి అంటుకుంటుంది. అది చెడ్డదేం కాదు, పైన ఎర్రబడినా చాలా ఏళ్లు ఉంటుంది. మామూలు ఇనుప పైపుకి రంగు వేసి ఇస్తే మన వానలకి రెండేళ్లలో చిల్లులు పడుతుంది. గోపాల్‌పూర్, బరంపురం వైపు ఉప్పు గాలి తగిలే బండికి ఇంకా త్వరగా. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి.

తర్వాత వంపులు. మామూలు పైపు బెండింగ్ మిషన్‌లో వంచితే వంపు లోపలివైపు నలిగి దారి ఇరుకవుతుంది. రెండున్నర అంగుళాల పైపు కొని వంపు దగ్గర రెండు అంగుళాలు చేసుకున్నట్టే. నలగకుండా వంచిన మాండ్రెల్ బెండ్ ముక్కలు విడిగా దొరుకుతాయి, తెప్పించి వాటినే అతికించమనండి. స్టెయిన్‌లెస్‌కి టిగ్ వెల్డింగ్ కావాలి, ఆర్క్ వెల్డింగ్ చేసిన అతుకు లోపల గడ్డలు కట్టి ఉంటుంది. ఇంజన్ ఊగుతుంటుంది కాబట్టి ముందువైపు ఉండే జాలీ గొట్టాన్ని, అంటే ఫ్లెక్స్ జాయింట్‌ని, తీసేసి గట్టి పైపు వేయనివ్వకండి. వేస్తే కొన్ని నెలల్లో అతుకులు పగులుతాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించండి, ఈసీయూ కాలిపోతే పైపు ఖర్చు గుర్తుకే రాదు.

ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. పొద్దున్నే చల్ల ఇంజన్‌తో స్టార్ట్ చేసి, వెనక పైపుకి గుడ్డ అడ్డుపెట్టి ఒకరు ఒక్క క్షణం ఉంటే, ఇంకొకరు అతుకుల దగ్గర చెయ్యి దూరంగా ఉంచి చూస్తే లీకు తెలిసిపోతుంది.

వేడి అడ్డే రేకులు, అంటే హీట్ షీల్డులు, శబ్దం చేస్తున్నాయని పీకి పడేస్తారు చాలామంది. కోతల కాలంలో మన రోడ్ల మీద వరి, చోడి, ఉలవ కంకులు పరుస్తారు, బళ్ల చక్రాల కింద నలగాలని. ఆ గడ్డి కారు కింద చుట్టుకుని వేడి పైపుకి తగిలి మంటలు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ రేకులు మళ్లీ పెట్టించందే బండి బయటికి తీసుకురాకండి.

ఎంత సైజు పైపు వేయించాలి?

1.0, 1.2 లీటర్ల ఇంజన్‌కి రెండుంపావు అంగుళాలు, 1.5కి రెండున్నర చాలు. మూడు అంగుళాల పైపు 2.0 పైబడిన, బాగా ట్యూన్ చేసిన బళ్లకి. చిన్న బండికి వేస్తే స్పీడ్ బ్రేకర్లకి తగలడం తప్ప ఒరిగేదేమీ లేదు. మన పంచాయతీ రోడ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

వారంటీ, ఇన్సూరెన్స్?

డౌన్‌పైప్ మార్చినా, రీమ్యాప్ చేసినా ఇంజన్, టర్బో, గేర్‌బాక్స్ వారంటీ పోయిందనే అనుకోండి. మళ్లీ కంపెనీ మ్యాప్ ఎక్కించినా షోరూం స్కానర్‌కి దాని ఆనవాలు దొరకొచ్చు. వెనక మఫ్లర్ ఒక్కటే అయితే మిగతా భాగాల వారంటీ మీద సాధారణంగా పేచీ రాదు, అయినా సర్వీస్ అడ్వైజర్‌ని ముందే అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పు చేస్తే క్లెయిమ్ అప్పుడు అదే సాకవుతుంది. నాన్న పేరున ఉన్న బండికి కొడుకు మార్పులు చేయించినప్పుడు కాగితాల మీద బాధ్యుడు నాన్నే. ఆయనతో మాట్లాడే చేయించండి.

ఇంతా విన్నాం. అయినా చేయించాలనే ఉంది. ఏ వరసలో వెళ్లమంటారు?

వారంటీ అయిపోయేదాకా ఆగండి. ఆ లోపల మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించండి. సుంకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. తర్వాత ఒక స్కానర్ పెట్టించి బండిలో కోడ్‌లు ఏమీ లేవని, బూస్ట్ కంపెనీ చెప్పినంత వస్తోందని చూసుకోండి. లోపమున్న బండికి ట్యూన్ చేస్తే లోపం పెద్దదవుతుంది. అప్పుడు స్టేజ్ 1, మామూలు పెట్రోల్ మ్యాప్‌తో. దానితో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నడపండి. డ్రైవింగ్ అంటే పిచ్చి ఉన్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఇక్కడికే కోరిక తీరిపోతుంది. తీరనివాళ్లు స్పోర్ట్స్ క్యాట్ డౌన్‌పైప్, స్టేజ్ 2 దాకా పోవచ్చు, చట్టం, ఇన్సూరెన్స్ గురించి పైన రాసింది గుర్తుపెట్టుకుని. పవర్ కొలిచే డైనో మిషన్ మీద ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే రోజు, అదే మిషన్ మీద కొలిచి కాగితం ఇవ్వని ట్యూనర్‌కి డబ్బులివ్వకండి.

తీసేసిన కంపెనీ పార్టులు ఏం చేయాలి?

అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు ఒరిజినల్ అడుగుతాడు. ముఖ్యంగా క్యాట్‌ని షాపులో వదిలేసి రాకండి. అందులోని ప్లాటినం, పల్లాడియం కోసం పాత సామాన్లవాళ్లు మంచి ధరే ఇస్తారు, ఆ సంగతి షాపువాడికి మీకంటే బాగా తెలుసు. బోల్టులు, గ్యాస్కెట్లు, రబ్బరు హ్యాంగర్లు ఒక కవర్‌లో వేసి పైపుకే కట్టేయండి. గ్యాస్కెట్ మాత్రం తిరిగి బిగించేటప్పుడు కొత్తది వేయించాలి.